తెప్పా? తప్పా?

టీవీవాళ్లు ఆ ఆటకు పెట్టిన పేరు 'తెప్పా? తప్పా?'. టీనేజీ పిల్లలు సముద్రంలో ఊగే తెప్ప మీద నిలబడి, "మీ ఫ్రెండ్ కాపీ కొడుతుంటే సార్‌కి చెబుతారా?" లాంటి చిక్కు ప్రశ్నలకు జవాబివ్వాలి. ధర్మం నిలబడినా, మనిషి నిలబడకపోతే అవుట్.

షూటింగు తోటపల్లి గూడూరు దగ్గరి బీచ్‌లో. ప్రశ్నలు రాసేది హైదరాబాదు నుంచి వచ్చిన రోజారమణి. తెప్పకు కట్టిన తాడు పట్టుకుని పిల్లల్ని కాపాడేది ఆ ఊరి బెస్తల కుర్రాడు కిషోర్. ఆమెకు మాటలెక్కువ, అతనికి మోమాటమెక్కువ.

మొదటిరోజే పేచీ. కిషోర్ పడవ ఎక్కబోతుంటే, "ఎక్కడికండీ?" అని నవ్వుతూ పలకరించింది. హైదరాబాదులో ఆ మాట అడగనిదే ఆటోవాడు కూడా ఎక్కనివ్వడు.

కిషోర్ పడవలో పెట్టబోయిన కాలు వెనక్కి తీశాడు. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడి మంచినీళ్లు అడిగాడు. యూనిట్ మొత్తం ఆగిపోయింది. డైరెక్టరు వినోద్ వాచీ చూసుకుంటూ పళ్లు నూరాడు.

"సంద్రంలోకి పోయేటోణ్ణి ఎక్కడికని అడక్కూడదు మేడమ్. అడిగితే ఎనక్కొచ్చి, కూర్చోని, నీళ్లు తాగి పోవాల."

"అడగడమే కదండీ నా ఉద్యోగం?"

"తిరిగి రావడం నా ఉద్యోగం."

రోజారమణికి ఉక్రోషం వచ్చింది. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. మర్నాటి నుంచి అతను పడవెక్కేటప్పుడు అరచేత్తో నోరు మూసుకుని నిలబడేది. కళ్లు మూసుకోవడం మాత్రం మరిచిపోయేది. వాన పడి షూటింగు ఆగితే ఇద్దరూ ఒకే టార్పాలిన్ కిందికి చేరేవారు. టార్పాలిన్‌కి చిల్లులుండేవి. ఉన్నా ఎవరూ కదిలేవారు కాదు. వలలు అల్లే ఇంట పుట్టిన వాడు వలపులో పడ్డాడు. చెప్పడమే తెలియలేదు.

చివరి ఎపిసోడు వచ్చింది. సాయంత్రం వ్యాన్ ఎక్కితే ఆమె హైదరాబాదులో, అతను అలల్లో.

ఆఖరి ప్రశ్న రోజారమణే మైకులో చదివింది. "మనసులో మాట చెబితే స్నేహం పోవచ్చు. చెప్పకపోతే మనిషే పోవచ్చు. చెప్పాలా, వద్దా?"

తెప్ప మీదున్న పిల్ల మహాలక్ష్మి చేతులు చాచి ఊగుతూనే చెప్పింది. "చెప్పాలక్కా. చెప్పకపోడమే తప్పు."

కిషోర్ ఆ మాట విన్నాడు, తాడు వదిలేశాడు. తెప్ప తిరగబడింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మహాలక్ష్మి తేలింది, నవ్వింది, జవాబు అప్పటికే చెప్పేసింది కాబట్టి ప్రైజు కూడా గెలిచింది. మునిగింది కిషోరే. విషయం మాత్రం యూనిట్ అందరికీ తేలిపోయింది.

సాయంత్రం సామానంతా వ్యాన్‌లోకి చేరింది. కిషోర్ తాడు చుడుతూనే ఉన్నాడు. చుట్టిన తాడే విప్పి మళ్లీ చుట్టాడు. కొడుక్కి క్యారేజీ తెచ్చిన కామమ్మ అది చూసి తల కొట్టుకుంది.

"వస్తా కిషోర్ గారూ," అని రోజారమణి కాసేపు ఆగింది. అతను తాడుకి ఇంకో ముడి వేశాడు. తల వంచుకుని నడిచి, వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టింది.

"ఎక్కడికి మేడమ్?"

పెట్టిన కాలు గాల్లోకి లేచి, నేల మీదికి దిగింది. రోజారమణి వెనక్కొచ్చి ఇసుకలో కూర్చుంది. మొహంలో నవ్వు దాగటం లేదు.

"ఇదేనా మీరు చెప్పేది?"

"నాకు చెప్పను రాదు మేడమ్. అందుకే అడిగినా. మీరు ఎనక్కి రావాలని."

కామమ్మ పక్కనున్న బిందెలో చెంబు ముంచి నీళ్లిచ్చింది. రోజారమణి గటగటా తాగేసి, ఇన్నాళ్లూ ఆంటీ అని పిలిచిన మనిషికి చెంబు చాచింది.

"ఇంకాసిని పొయ్యి, అత్తా."

కామమ్మ చెంబు పొర్లేదాకా పోసింది. కొడుకు వైపు తిరిగి, "తాడు వదిలినావు సరే, తాళిబొట్టన్నా గట్టిగా పట్టుకో నాయనా," అంది.

వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టి, "ఇప్పుడెక్కడికి సార్?" అని అడిగాడు.

వినోద్ వాచీ విప్పి జేబులో వేసుకుని, తనూ వచ్చి ఇసుకలో కూర్చున్నాడు.