రిమ్ము మీద నాలుగు వేళ్లు

ఆయన్ని అందరూ తుడుపు మాస్టారనే పిలుస్తారు. బండి చక్రాలకి రంగు పౌడర్ కొట్టడం ఎవరైనా కొడతారు, అసలు పనంతా కోటింగుకి ముందే ఉంటుందని ఆయన వాదన. టైరు విప్పాలి, బేరింగులు కొట్టి తీయాలి, ఇసుక బ్లాస్టింగుతో పాత రంగంతా లేపాలి. తర్వాత ఆ చక్రాన్ని, అదే వీలుని, ఓవెన్లో ఉత్తినే ఒకసారి కాల్చాలి, లోహం లోపల దాగిన నూనె పైకి కక్కడానికి. కక్కినదాన్ని థిన్నరుతో తుడవాలి. ఈలోగా దాని మీద ఉత్త చెయ్యి పడిందో, ఆయన ఇంతెత్తున లేస్తాడు. వేలి జిడ్డు మీద పౌడర్ నిలవదు మరి.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. కూతురు తన సెకండ్‌హ్యాండ్ బండి ముందు వీలు విప్పి తెచ్చింది. తెల్లారితే ఆ బండి మీదే కొత్త ఉద్యోగానికి వెళ్లాలి, మూడు వందల కిలోమీటర్లు.

"గ్లౌజులు," అన్నాడు మాస్టారు తలెత్తకుండా.

"వేసుకున్నా నాన్నా. ఇదిగో, నా చిటికెన వేలు ఎప్పట్లాగే మొరాయిస్తోంది."

చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకరపోయిన వేలది. గ్లౌజులో ఇమడక పక్కకి పొడుచుకొస్తుంది.

"నీకన్నా నీ వేలికే పొగరెక్కువ. వెళ్లి చెయిన్ సంగతి చూసుకో, పో."

ఆమె నవ్వుకుంటూ బయటికి వెళ్లింది.

బ్లాస్టింగ్ గదికి కిటికీ లేదు. ఒక్కటే బల్బు, అదీ దుమ్ముతో మసకబారింది. ఇసుక తగిలిన చోటల్లా ఎర్రరంగు లేచిపోతోంది. దాని కింద వంకాయరంగు బయటపడింది. మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

ఆ రంగు డబ్బా ఒకప్పుడు షెడ్డుకి పొరపాటున వచ్చింది. దాన్ని కోరి వేయించుకున్నది ఒక్కడే. అతని ముందు వీలుకి, స్పోకు మొదట్లో, వెంట్రుకంత పగులు. సాయంత్రానికల్లా బండి కావాలని తొందరపెడితే, మాస్టారు పగుల్లో పుట్టీ నింపి పైన పౌడర్ కొట్టేశాడు. "కనిపించదు కదా మాస్టారూ?" అనడిగాడతను. "దేవుడిక్కూడా కనిపించదు," అన్నాడీయన గొప్పగా. పదకొండో రోజున ఒక మలుపు దగ్గర ఆ వీలు విరిగింది. అతను బతకలేదు. ఎవరూ వచ్చి అడగలేదు, ఈయనా నోరు విప్పలేదు.

మాస్టారు రంగు మొత్తం లేపేసి, లైటు దగ్గరపెట్టి వీలంతా వెతికాడు. పగులు లేదు. పుట్టీ లేదు. లోహం నున్నగా, నిండుగా ఉంది. విరిగిన వీలు మళ్లీ ఎలా వస్తుంది, నా పిచ్చిగానీ, అనుకున్నాడు. వేరే గిరాకీల ఏడు చక్రాలతోపాటు దాన్నీ ట్రాలీకి తగిలించి ఓవెన్లోకి తోశాడు. అయినా కాళ్లు ఒకచోట నిలవలేదు. షెడ్డులో ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూనే ఉన్నాడు.

అరగంటకి తలుపు తీశాడు. ఏడూ శుభ్రంగా ఉన్నాయి. కూతురి వీలు మీద మాత్రం నూనె కక్కింది. నాలుగు వేళ్లు. అవతలి వైపు బొటనవేలు. ఎవరో ఉత్త చేత్తో రిమ్ము పట్టుకున్నట్టు.

తుడిచాడు. ట్రాలీ మళ్లీ లోపలికి తోశాడు.

రెండోసారి ఆ చెయ్యి జానెడు జరిగింది... స్పోకు వైపు. ఓవెన్లోంచి పెట్రోలు వాసన, తడిమట్టి వాసన.

మళ్లీ తుడిచాడు. మళ్లీ తోశాడు.

మూడోసారి ఒక్క చూపుడువేలే ఉంది. సరిగ్గా స్పోకు మొదట్లో.

మాస్టారు ఆ ఒక్క వీలూ బయటికి తీసి, మిగతావాటిని లోపలే వదిలి తలుపు మూశాడు. కాస్త చల్లారాక దాన్ని కొక్కేనికి వేలాడదీసి, చెక్కసుత్తితో చుట్టూ తట్టాడు. ఖంగుమంది. ఖంగుమంది. ఆ వేలు చూపిన చోట... దబ్. అంతే. లోపల పగిలిన వీలు చేసే చప్పుడు.

చెవి పక్కనే, మెల్లగా...

"కనిపించదు కదా మాస్టారూ?"

వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

చెప్పకపోతే బిడ్డ పోతుంది. చెబితే బిడ్డ దగ్గర తన పరువు పోతుంది. అయినా కూతుర్ని కేకేశాడు. వంకాయరంగు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేశాడు.

ఆమె కొక్కేనికున్న ఆ వీలుని ఒకసారి చుట్టూ తిప్పి చూసింది.

"వాళ్లింటికి వెళ్లావా?"

"లేదు తల్లీ."

"ఇలా ఎన్నిసార్లు చేశావు నాన్నా?"

"ఒక్కసారే." మాస్టారు బల్ల మీది టేపు చుట్టని చూస్తూ అన్నాడు.

ఆమె నిట్టూర్చింది. "సరే, నేను బస్సులో పోతాలే. నువ్వు కూర్చో, మిగతావి నేను తీస్తాను."

ఓవెన్ తలుపు తీసి ట్రాలీ బయటికి లాగింది. అక్కడే నిలబడిపోయింది.

"నాన్నా..." గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "ఒక్కసారే అన్నావు కదా?"

మాస్టారు లేచి వచ్చాడు. ఏడు చక్రాల మీదా చేతులున్నాయి. పెద్దవి, సన్నవి, ఒకటి ఉంగరంతో. ప్రతిదాంట్లోనూ ఒక వేలు ముందుకు చాచి, ఎక్కడో ఒకచోట ఆగింది. ఆరు చేతులదాకా ఆయనకి లెక్క తెలుసు. చనిపోయిన ఆ ఆరుగురూ ఎవరో, ఎక్కడెక్కడ పుట్టీ పెట్టాడో అన్నీ గుర్తున్నాయి.

ఏడోది లెక్కలో లేదు. సన్నటి ఆడచెయ్యి. నూనె ఇంకా తడిగా పాకుతోంది... చిటికెన వేలు వంకరగా పక్కకి పొడుచుకొచ్చి ఉంది.

"నేను దీన్ని ముట్టుకోలేదు నాన్నా," అంది ఆమె. మెల్లగా గ్లౌజు విప్పి, తన చెయ్యి చూసుకుంది.