పదకొండు వేలిముద్రలు

"గద్వాల బస్సు ఎప్పుడమ్మా?"

"కృష్ణల నీళ్ళొచ్చినంక."

కోడ్ కుదిరింది. వనపర్తి బస్టాండు ముందు మిరపకాయ బజ్జీలు వేస్తున్న రేణుకమ్మ పొట్లం కట్టి అందించింది. ఆ బండి నాలుగేళ్ళుగా ఒక రహస్య విభాగానికి రీజనల్ ఆఫీసు. ఆవిడ దానికి చీఫ్. బజ్జీలు కూడా బాగానే వేస్తుంది, అది వేరే సంగతి.

పొట్లం అందుకోబోతూ ఏజెంట్ 41 కురుమూర్తి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అరచేయి చురుక్కుమంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏందయ్యా, గట్లయితున్నవ్?"

"దురద మేడమ్. షురువైంది."

రేణుకమ్మ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

దురదకే అంత భయమా అంటారేమో. మీరు సుభద్రమ్మను చూడలేదు. గద్వాలలో ఆవిడ ఇంట్లో మగ్గం పనివాడి వేషంలో ఆరు నెలలున్నాడు కురుమూర్తి. పోయిన నెల ఒకరోజు ఆ ముసలామె, పడుగుకు గంజి పెట్టే కుంచె తీసుకుని వీపు గోక్కుంది. రవికె తడిసిందాకా గోక్కుంది. తడిసింది చెమటతో కాదు.

కారణం జోర్విటాల్. అలర్జీ గోలీ. 'సిల్వర్ హెరాన్' అనే విదేశీ ముఠా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఉచిత క్యాంపులు పెట్టి పన్నెండు వందల మందికి పంచింది. నూలు దుమ్ముకు వచ్చే తుమ్ములు తగ్గాయి, ఆ మాట నిజమే. కానీ పదకొండు మందికి ఒళ్ళంతా ఒకటే దురద. చాలా అరుదుగా వచ్చే సైడ్ ఎఫెక్ట్. లేబుల్ మీద ఒక్క వాక్యం హెచ్చరిక రాస్తే పోయేది. ముఠాకు ఆ ఒక్క వాక్యం కూడా ఇష్టం లేదు.

వేషం నమ్మించడానికి కురుమూర్తీ రోజూ ఆ గోలీ మింగాడు. మొన్న బుధవారం క్యాంపులో ముఠా డాక్టర్ వర్ష, ఆ పదకొండు మంది అసలు మెడికల్ ఫైలును అతని కళ్ళముందే తగలబెట్టింది. అతని జేబులోని గోలీల అట్ట కూడా లాక్కుంది. ఆ వర్ష మన విభాగంలో 'మల్లె' అనే పేరుతో జీతం తీసుకుంటున్న మనిషే! నల్ల కళ్ళద్దాలు, జరీ అంచు గద్వాల చీర, పెదవి చివర నవ్వు. ఎవరి పక్షమో ఆ దేవుడికే ఎరుక.

"బ్రీఫింగ్ విను," అంది రేణుకమ్మ గొంతు తగ్గించి. "పదకొండు గంటలకు గెస్ట్‌హౌస్‌ల లైసెన్స్ కమిటీ సంతకం పెడ్తది. పెట్టిందంటే రేపటిసంది దేశమంతా ఈ గోలీనే. కమిటీ మేడమ్‌కు గద్వాల చీరలు కావాల్నంట. సుభద్రమ్మ చీరలమ్మెటామె, నువ్వు మూట మోసెటోడివి. ముసలామెతోని నిజం చెప్పియ్. నీ చొక్కా గుండీల మైకుంది. 'బజ్జీ సల్లారింది' అను, పోలీసులతోని వస్త. కానీ సాక్ష్యం లేకుండ పిలిస్తే ఇద్దరం కొలువుకు దండం పెట్టాలె."

సుభద్రమ్మ అప్పటికే బస్సు దిగి నిలబడి ఉంది.

"రేపు పెట్టుకుంటే ఏమాయె ఈ పని? రేపెట్లా మగ్గానికి సెలవే. ఇయ్యాల సగం చీర ఇడిచిపెట్టొచ్చిన. నడువ్ బిడ్డా, నడువ్."

గెస్ట్‌హౌస్ గుమ్మంలోనే నిలబడి ఉంది వర్ష. కళ్ళద్దాలు కొంచెం కిందికి దించి, నెత్తిన మూటతో ఉన్న కురుమూర్తిని పైనుంచి కిందిదాకా చూసింది. గుర్తుపట్టింది.

"లోపలికి వెళ్ళండి," అంది మెత్తగా.

ఎలుకను బోనులోకి పిలిచినట్టే ఉంది. అయినా వెళ్ళాడు.

హాల్లో కమిటీ వాళ్ళు ముగ్గురు. వాళ్ళ పక్కన ముఠా నాయకుడు హోల్ట్, తెల్ల సూటులో. సుభద్రమ్మ చాప మీద చీరలు పరిచింది. కురుమూర్తి మూట దించి గోడవారగా నిలబడ్డాడో లేదో, నడుముకు చల్లగా ఏదో తగిలింది. హోల్ట్ బాడీగార్డు చెవిలో గుసగుసలాడాడు.

"సైలెన్సర్ ఉంది. చెయ్యి కదిపితే కాలుస్తా."

అయ్యో రామా! సరిగ్గా అప్పుడే దురద అరచేతి నుంచి మోచేతికి పాకింది. అక్కణ్ణుంచి మెడకి, వీపుకి. వెయ్యి చీమలు ఒక్కసారే కుట్టినట్టుంది. పళ్ళు కరుచుకున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తూటా అయితే ఒక్కసారే పోతుంది ప్రాణం. ఇది అలా కాదే! కుంచెతో రక్తాలు వచ్చేలా గోక్కుంటున్న సుభద్రమ్మే కళ్ళముందు మెదిలింది. తనకూ అదే గతి పడుతుందని చిన్నపిల్లాడిలా వణికిపోయాడు.

పది యాభై ఎనిమిది.

"ఇంకొక్క వాంగ్మూలం," అంది కమిటీ అధ్యక్షురాలు కాగితం తీస్తూ. "రికార్డు కోసం చదువుతాను. పదకొండు మందీ ఒకటే చెప్పారు, దురద మందు వల్ల కాదు, రంగుల వల్ల అని. వేలిముద్రలున్నాయి."

క్యాంపులో తెల్లకాగితాల మీద వేయించుకున్న వేలిముద్రలవి!

అధ్యక్షురాలు పెన్ను మూత తీసి చదివింది. "సుభద్రమ్మ, గద్వాల. ఏప్రిల్ పదిహేడున మగ్గం మీద నేస్తుండగా రంగు తగిలి దురద మొదలైంది."

చీర మడత పెడుతున్న సుభద్రమ్మ తలెత్తింది.

"ఏ సుభద్రమ్మ అది?"

"మీకెందుకమ్మా?"

"నేనే గద సుభద్రమ్మను! ఏప్రిల్ పదిహేడు అమావాస్య. అమావాస్యనాడు మగ్గమెక్కిన్నా నేను? మా నేతోళ్ళల్ల ఎవ్వల ఇంటావంటా లేదు! ఏ ముండాకొడుకు రాసిండు గిది?"

అధ్యక్షురాలు లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఏప్రిల్ పేజీ తిరగేసింది. పదిహేడో తారీఖు గడిలో నల్ల సున్న. మిగతా పది కాగితాలూ తీసింది. జనవరి పద్దెనిమిది, నల్ల సున్న. ఫిబ్రవరి పదిహేడు, నల్ల సున్న. పదకొండుకు పదకొండూ అమావాస్యలే.

"మరి దురద ఎప్పుడొచ్చిందమ్మా?"

"చీర కోసి మగ్గం దిగినంక. దుమ్మే లేకుంటే గోలీ ఎందుకని రెండు దినాలు ఏసుకోలే. అమావాస్యనాడు పట్టుకుంది సూడు, పానం పోయిందనుకున్న. మల్ల గోలీ ఏసుకుంటే తగ్గింది."

"అంటే మందు వేసుకున్నప్పుడు కాదు, మానేసినప్పుడు!"

అధ్యక్షురాలు పెన్నుకు మూత పెట్టేసింది. హోల్ట్ బాడీగార్డుకు కనుసైగ చేశాడు. కురుమూర్తి కళ్ళు మూసుకుని ఒక్క అరుపు అరిచాడు.

"బజ్జీ సల్లారింది!"

ట్రిగ్గర్ నొక్కిన చప్పుడు వినబడింది. టిక్. అంతే. ఇంకోసారి టిక్.

గుమ్మంలో వర్ష గుప్పిట తెరిచింది. అరచేతిలో ఆరు తూటాలు.

పోలీసులు హోల్ట్‌నీ బాడీగార్డునీ జీపెక్కించే సరికి కురుమూర్తి స్తంభానికి వీపు రుద్దుకుంటున్నాడు, సంతలో గేదె లాగా. వర్ష అతని గోలీల అట్ట తిరిగి ఇచ్చింది.

"ఒకటి ఏసుకో. ఒక్కసారే ఆపకు, నేను చెప్పినట్టు మెల్లగ తగ్గియ్. ఫైలు కాల్చకుంటే, నీ గోలీలు గుంజుకోకుంటే వాళ్ళు నన్ను నమ్మకపోదురు. ఫైలు పోయినా అబద్ధం బయటపడాలెనని ఆ కాగితాల మీద తేదీలు నేనే ఏసిన."

"నీకెట్ల తెల్సు, అమావాస్య సంగతి?"

"మా అమ్మది రాజోలి. మగ్గం కిందనే పుట్టిన," అని కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

అరగంటకు దురద సద్దుమణిగింది. రేణుకమ్మ వేడి బజ్జీ ఒకటి కురుమూర్తి చేతిలో పెట్టి, పన్నెండో కేసు కింద అతని పేరు రాసుకుంది.

"రేపు పొద్దుగాల నాగర్‌కర్నూల్ పోవాలె. ఆడ కోడేరు ఊళ్ళె ముఠా గోదాం ఉంది. తుపాకులుంటయ్ మరి, పైలం."

కురుమూర్తి గోడ మీది క్యాలెండర్ చూశాడు. రేపటి తారీఖు మే పదహారు, నల్ల సున్న. పక్కనే సుభద్రమ్మ చీరలు మూట కడుతూ అతని వంకే చూస్తోంది.

"ఎల్లుండి పోత మేడమ్. తూటాకైన ఎదురుపోత గానీ, అమావాస్యనాడు పనికి పోయి ఈమె నోట్ల పడలేను."