రెండు సీసాలకూ బొట్టు

“నాన్నా, బ్రేకు పడటంలేదు!” అన్న కేక, ఆ వెంటనే గేటు స్తంభానికి ఏదో గుద్దుకున్న చప్పుడు! వంటింట్లో పోపు వేస్తున్న శేషారత్నం చేతిలో గరిటెతోనే వీధిలోకి పరుగెత్తింది. కాళ్ళలో ఓపిక లేదు, అయినా పరుగెత్తింది...

దేవుడి దయవల్ల కొడుకు సత్యదేవ్‌కి ఏమీ కాలేదు, మోచెయ్యి గీరుకుందంతే. కానీ ఆవిడ భర్త రామ్మోహనరావు పదకొండేళ్ళుగా కన్నబిడ్డలా సాకిన ఎర్ర కారు, ఆ రెండు సీట్ల పాతకాలపు ఇంగ్లీషు ఎం.జీ., ముక్కు చితికి స్తంభానికి ఆనుకుని ఉంది.

రైల్వేలో ఫోర్‌మన్‌గా రిటైరైన నెలలోనే దాన్ని తిరుమలగిరిలో ఒక మిలిటరీ ఆఫీసరుగారి షెడ్డులోంచి బోయిన్‌పల్లి ఇంటికి లాగించుకొచ్చాడాయన. అప్పటికి అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి! “ఏడాదిలో పూర్తి చేస్తాను రత్నం. ముందుగా నిన్నే ఎక్కించుకుని తిప్పుతాను” అన్నాడు. ఆ ఏడాది ఇప్పటికీ పూర్తికాలేదు. ఆవిడ ఊరగాయ జాడీల్లో నట్లు, పుట్టింటివారిచ్చిన ఇత్తడి పళ్ళెంలో కిరసనాయిలు, దేవుడి గది గుమ్మం పక్కన గేరుబాక్సు! ఆ సీట్లో మాత్రం ఆవిడ లెక్కలేనన్నిసార్లు కూర్చుంది... షికారుకు కాదు, బ్రేకు తొక్కడానికి. బ్రేకు గొట్టాల్లో గాలి తియ్యాలంటే ఒక మనిషి చక్రం దగ్గర మర విప్పాలి, ఇంకో మనిషి పెడల్ తొక్కాలి. “తొక్కు... పట్టుకో... వదులు” అని ఆయన కింద నుంచి అనేవాడు. మోకాళ్ళు సలుపుతున్నా ఆవిడ తొక్కేది.

బోయిన్‌పల్లి మెకానిక్ బిక్షం వచ్చి, కారులోని బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి వేలు ముంచి వాసన చూశాడు.

“ఇంజన్ ఆయిల్ పోసిండ్రు సార్ ఇండ్ల! లోపల రబ్బర్లన్నీ ఉబ్బిపోయినయ్. గిట్లయితే బ్రేక్ ఎట్ల పడ్తది? జెర అయితే పానం పోతుండె!”

“ఎవరు పోశారు?” అన్నాడు సత్యదేవ్ తండ్రి వైపు తిరిగి.

రామ్మోహనరావు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

శేషారత్నానికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. రెండేళ్ళుగా ఆయనకు చూపు ఆనడంలేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు! పేపరు తిరగేస్తాడు కానీ చదవడు. స్పానరు అడిగి తీసుకుని వేళ్ళతో తడిమి చూసుకుంటాడు. “కొత్తగా చేశాం కదా, నువ్వే నడపరా” అని ఇవాళ ఆయన కొడుక్కి తాళం ఇచ్చింది కూడా అందుకే. ఆయన అన్నగారికి శుక్లాల ఆపరేషన్ చేస్తే కన్నే పోయింది. అప్పటినుంచి ఆస్పత్రి మాటెత్తితే చాలు, మంచం దిగేవాడు కాదు. చెప్పిచెప్పి విసిగిపోయి ఆవిడే ఆయనకు కళ్ళయింది. నూనె సీసాలు కడిగి ఒకదాంట్లో ఇంజన్ ఆయిలు, ఇంకోదాంట్లో బ్రేకు ఆయిలు పోసి, బ్రేకు ఆయిలు సీసాకు మాత్రం పసుపు ముద్దతో మందంగా బొట్టు పెట్టింది. బొటనవేలికి తగిలేలా... ఎందుకని ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

మొన్న ఆయుధపూజనాడు అలవాటు చొప్పున సుత్తికి, స్పానర్లకు, చక్రాలకు బొట్టు పెట్టింది. ఆ ఊపులో రెండు సీసాలకూ పెట్టేసింది! మర్నాడు ఆవిడ మోండా మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ఆయన ఒక్కడే తడుముకుంటూ పోసి ఉంటాడు...

“నేనే పోశాన్రా, తక్కువగా ఉందని” అంది శేషారత్నం.

“నీకెందుకమ్మా తెలియని పనులు! నా ప్రాణం పోయేది! ఇంక చాలు నాన్నా, ఈ కారు అమ్మేద్దాం. రేపే మనిషిని పంపిస్తా” అని సత్యదేవ్ అరిచాడు.

ఆవిడ లోపలికొచ్చి మాడిన పోపు పారబోసింది. కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు! కొడుకు కసిరినందుకు కాదు, మొగుడు నోరు మెదపనందుకు. నలభై ఏళ్ళ కాపురం... ‘కాదురా, మీ అమ్మ కాదు’ అని ఒక్క ముక్క అనలేకపోయాడా! అలసటగా గోడకు చేరబడింది.

గోడ తడుముకుంటూ ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

“రత్నం... ఎందుకలా చెప్పావు?”

“మరేం చెప్పమంటారు? మీకు చూపు లేదని చెప్పనా? దాచీ దాచీ అలిసిపోయానండీ... మీ కళ్ళూ నేనే, మీ కాళ్ళూ నేనే! ఇవాళ పిల్లాడు పోయుంటే, ఆ పాపం కూడా నాదేనని ఒప్పుకునేదాన్నా?”

ఆయన గిరుక్కున తిరిగి, తలుపు అంచుకు భుజం కొట్టుకుంటూ వీధిలోకి నడిచాడు.

“సత్యం! మీ అమ్మ కాదురా, నేను పోశాను. నాకు కనపడదు... రెండేళ్ళయింది. బొట్టు తడుముకుని పోశాను. అమ్మేది తర్వాత, ముందు నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసికెళ్ళు!”

సత్యదేవ్ తల్లి దగ్గరికొచ్చి, “ఒక్క మాట చెప్పకపోయావా అమ్మా!” అని ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కార్తీకమాసం వెళ్ళేలోపు రెండు కళ్ళకూ ఆపరేషన్లయ్యాయి. నల్ల కళ్ళజోడు తీసెయ్యొచ్చని డాక్టరు చెప్పిన ఆదివారం పొద్దున్నే, బిక్షం రబ్బర్లు మార్చిన బ్రేకుల్లో గాలి తియ్యడానికి ఆయన ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు. శేషారత్నం మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా సీట్లోకి దిగింది.

“తొక్కు” అన్నాడు. తొక్కింది. “పట్టుకో...” అంటూ తలెత్తాడు.

‘వదులు’ అనడం మరిచిపోయాడు. ఎండలో ఆవిడ ముఖంకేసి అలా చూస్తూ ఉండిపోయాడు.

“రత్నం... నీ జుట్టంతా ఎప్పుడు తెల్లబడిపోయింది?”

ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. “మీరు ఈ చక్రాల దగ్గర కూర్చున్నప్పటినుంచీనండీ...”

ఆయన స్పానరు కింద పెట్టి, చేతులు తుడుచుకుని కారు తలుపు తీశాడు. “మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయా?” అన్నాడు. పదకొండేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఆవిడ కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. “వదిలెయ్యనాండీ?” అంది.

“వదిలెయ్యి రత్నం. సత్యం వచ్చి తొక్కుతాడు.”