ఏడవని ఊయల

మిరప తోటలో ఎండ నెత్తికెక్కినా కాయలు కోసే ఆడవాళ్ళెవరూ మంటకి చేతులు ఊదుకోవడం లేదు. అందరి చెవుల వెనకా శాంతిబిళ్ళ ఉంది. నల్లమందు సారం నింపిన ఆ గింజంత పరికరం నొప్పి పుట్టగానే ఓ చుక్క రక్తంలోకి వదులుతుంది. దగ్గు, కడుపునొప్పి, కాయల మంట, అన్నీ అక్కడికక్కడే అణిగిపోతాయి. పిల్లలకైతే బొడ్డు కోసిన రోజే పెట్టేస్తున్నారు. గట్టున ఊయలల్లో వాళ్ళు బొమ్మల్లా పడుకుని ఉన్నారు.

ఏసుమణి బిడ్డ చిక్కిపోయాడు. ఆమెకు పాలు ఎండిపోయాయి. అత్త దీనమ్మ కబురంపితే, బిళ్ళలు పెట్టి చూసుకునే శమనాధికారి విశ్వనాథం వచ్చాడు. ఇస్త్రీ నలగకుండా వంగి, బాధమాపకం బిడ్డ నుదుటికి ఆనించాడు.

"సున్నా. బ్రహ్మాండంగా ఉన్నాడు."

"పక్కటెముకలు కనపడతన్నాయి గదయ్యా," అంది దీనమ్మ.

"ఆకలి కూడా బాధే. అదీ లేదంటోంది యంత్రం."

"ఆకలి లేందే ఏడవడు. వాడు ఏడవందే దీనికి పాలు రావు. దూడ కుమ్మకుండా గేదె చేపుద్దా?"

"పాలపొడి పంపిస్తాం."

"పట్టి చూశాం. తాగాలని వాడికుండాలిగా. బిళ్ళ తీసెయ్యి."

"అలవాటైన ఒళ్ళు. తీస్తే రెండు మూడు రోజులు గుక్కపట్టి ఏడుస్తాడు. అంత క్రూరమైన పని నేను చెయ్యలేను."

ఆ మాటకి సాళ్ళలో ఆడవాళ్ళు నడుములెత్తారు. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. దీనమ్మ కాయల ఘాటు పట్టిన అరచెయ్యి అతని మొహం ముందు పెట్టింది.

"కళ్ళకి రాస్తా. నీకూ బిళ్ళ ఉందిగా, ఏం తెలియదులే."

విశ్వనాథం చటుక్కున వెనక్కి జరిగి కాలవలో పడ్డాడు.

"అయ్యగారికి బిళ్ళ లేదే," అంది ఒకామె.

"మాది బుర్ర చురుగ్గా ఉండాల్సిన ఉద్యోగం," అన్నాడు నీళ్ళలోంచి లేస్తూ.

"మాది మొద్దులాగా ఉండాల్సిన ఉద్యోగం గామోసు."

దీనమ్మ అరచెయ్యి ఇంకా దించలేదు. అతను పట్టకారు తీసి బిడ్డ చెవి వెనక బిళ్ళ లాగేశాడు.

గట్టు మీద అతని చొక్కా ఆరేలోపే బిడ్డ పెదవి వణికింది. ముందు పిల్లికూనలా మూలిగి, తర్వాత తోటంతా వినపడేలా ఏడ్చాడు. ఏసుమణి రవిక తడిసింది. ఎత్తుకోబోయి ఆగింది. చేతులకి కాయల ఘాటు, వీడికిప్పుడు మంట తెలుస్తుంది. పరుగున కాలవకి పోయి చేతులు కడుక్కొచ్చి, బిడ్డను రొమ్ముకి ఆనించుకుంది.

మిగతా తల్లుల రవికలూ తడిశాయి. వాళ్ళు తమ ఊయలల వంక చూశారు. వాటిలో చప్పుడు లేదు. ఒకరి వెనక ఒకరు కాలవలోకి దిగి మోచేతుల దాకా రుద్దుకుంటున్నారు.

విశ్వనాథం తడి చొక్కానే తొడుక్కుని పెట్టె సర్దుకోబోయాడు.

దీనమ్మ దారికి అడ్డంగా కూర్చుంది. ఆమె ఒక్కతే చేతులు కడుక్కోలేదు.