తీసేసిన బెల్టు

"ఇది మ్యాన్‌హోల్లో దిగేవాళ్ళు వేసుకునేది కదా?"

ఆ ఒక్క ప్రశ్నకి రాఘవేందర్ చెవులు వేడెక్కాయి.

1996 జూలై. నారాయణగూడ మార్కెట్లో రెయిన్‌కోట్లూ గంబూట్లూ అమ్మే షాపు, అతను అందులో సేల్స్‌మన్. బయట ఎడతెగని వాన. కౌంటర్ మీద, పాదాల నుంచి ఛాతీ దాకా ఒకే ముక్కగా ఉన్న రబ్బరు ప్యాంటు. కింద బూట్లు, పైన భుజాలకి పట్టీలు, నడుముకి బెల్టు. దాని ముందు చున్నీ అంచు పిండుకుంటూ మహిత. ఉండేది చిక్కడపల్లి, కోచింగ్ అశోక్ నగర్లో. ఈ షాపుకి రావడం మూడు రోజుల్లో ఇది మూడోసారి.

మొదటిరోజు వచ్చి అడిగింది: "మా నాన్నగారు రిటైరయ్యారండీ. భీమిలి వెళ్ళి బీచ్‌లో గాలం వేస్తారట. నడుంలోతు నీళ్ళలో నిలబడినా ఒళ్ళు తడవనిది ఏదైనా ఉందా?"

"వేడర్స్," అన్నాడు రాఘవేందర్, క్యాటలాగులో చదివిన మాట. "నేను కూడా సముద్రంలో చాలాసార్లు గాలం వేశాను లెండి."

అతను పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. ఆమె కళ్ళలోకి చూశాడు, అంతే. అబద్ధం దానంతటదే వచ్చేసింది.

ఇవాళ ఇంకో అబద్ధం కావలసి వచ్చింది.

"మ్యాన్‌హోల్ వాళ్ళది వేరండీ. దానికి బెల్టుంటుంది. ఇది ఫారిన్ మోడల్. ఈ బెల్టు ఎవరో పొరపాటున తగిలించారు." చటుక్కున బెల్టు లాగి కౌంటర్ కింద పడేశాడు.

"నాన్నగారి పాదం ఎనిమిది."

"పది తీసుకోండి. వదులుగా ఉంటే హాయి."

"మీరు చెప్తే కరెక్టే," అని నవ్వింది మహిత. "సముద్రం తెలిసినవాళ్ళు."

ఆ నవ్వు రాత్రంతా అతన్ని నిద్రపోనివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం అడిక్‌మెట్ బస్తీలో, అన్నం తింటూ తండ్రి కృష్ణయ్యకి గొప్పగా చెప్పుకున్నాడు, సముద్రం కోసం ఒక పెద్దాయనకి వేడర్స్ అమ్మానని.

కృష్ణయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏం సైజు?"

"ఎనిమిదికి పది ఇచ్చిన."

"బెల్టు బిగిచ్చుడు జూపినవా?"

"బెల్టు... తీసేసిన."

"పాగల్ అయినవా ర? అల గొడితె పైకెల్లి నీళ్ళు సొరబడ్తయి. నడుముకాడ బెల్టుంటెనే ఆగుతయి. లేకుంటె రెండు కాళ్ళకు రెండు బిందెలు గట్టినట్టె. పడ్డోడు మల్ల లేస్తడా?"

రాఘవేందర్ తన కంచం పక్కకి జరిపాడు.

"ఎందుకు తీసినవ్?"

గుమ్మం పక్కన మేకుకి కృష్ణయ్య రబ్బరు ప్యాంటు వేలాడుతోంది. దాని బెల్టు డ్రైనేజీ నీళ్ళకి నల్లబడి ఉంది. కొడుకు చూపు అటు పోయి, వెంటనే నేలకి దిగింది. కృష్ణయ్యకి వేరే జవాబు అక్కర్లేకపోయింది.

"గంత సిగ్గయిందా ర, నా పనంటే?" అన్నాడు మెల్లగా. కోప్పడి ఉంటే బాగుండేది. "ఆయన ఎప్పుడు పోతుండు?"

"ఇయ్యాల సాయంత్రం బండికి."

"సైకిల్ తియ్."

షాపులో ఎనిమిదో సైజు ప్యాంటూ బెల్టూ తీసుకుని, బిల్లు పుస్తకంలో ఉన్న అడ్రసు పట్టుకుని, వానలో తడుస్తూ చిక్కడపల్లి చేరారు. తలుపు తీసింది మహిత. వెనకాల ఆమె తండ్రి జోగారావుగారు సూట్‌కేసు మూస్తున్నారు.

"ఈయనెవరు?" అంది, పంచె పైకి కట్టుకున్న కృష్ణయ్యని చూసి.

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం దాటిపోయింది.

"మా షాపులో... మెకానిక్."

కృష్ణయ్య జోగారావుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్యాంటు తొడిగాడు.

"మోకాలు లేపుండ్రి సార్. పట్టేస్తలేదు కద? లోపల గాలి మిగలొద్దు, జర కిందికి కూసొని లెవ్వుండ్రి. గిప్పుడు బెల్టు. శ్వాస ఆడేటట్టు, నీళ్ళు సొరనట్టు. నడుము దాటి లోతుకు పోవద్దు."

"ఇంత వివరంగా ఎలా తెలుసయ్యా నీకు?"

"పద్దెనిమిదేండ్ల సంది గిది తొడుక్కొనె డ్రైనేజీల దిగుతున్న సార్."

మహిత రాఘవేందర్ వైపు తిరిగింది.

"మా నాన్న," అన్నాడతను. "మెకానిక్ కాదు. మీరు మ్యాన్‌హోల్ అన్నారని సిగ్గేసి బెల్టు తీసేశా. సముద్రం నేనెప్పుడూ చూడలేదు. మీ నాన్నగారి ప్రాణం మీదికి తెచ్చా."

"అంటే నన్ను ముంచేసేవాడివన్నమాట!" జోగారావుగారి కేక వీధిలోకి వినబడింది. తర్వాత కృష్ణయ్య చెయ్యి పట్టుకుని లేపారు. "మీరు కింద కూర్చోవడమేమిటండీ. కుర్చీలోకి రండి ముందు."

మహిత లోపలికి వెళ్ళి రెండు కాఫీలు తెచ్చింది. ఒకటి తండ్రికి, ఒకటి కృష్ణయ్యకి. మూడోది లేదు.

గేటు దాకా వచ్చింది. రాఘవేందర్ సైకిల్ హ్యాండిల్ని చూస్తూ అన్నాడు, "కోపం వచ్చిందా?"

"చాలా. సముద్రం గురించి కాదు. పక్కన నిలబెట్టుకుని మెకానిక్ అన్నారే, దానికి."

ఆమె అతన్ని వదిలి కృష్ణయ్య వైపు తిరిగింది.

"మీ ఇల్లెక్కడండీ?"

"అడిక్‌మెట్ల బిడ్డా, రైలు పట్టాల పక్కన బస్తీ."

"ఆదివారం అమ్మని తీసుకుని వస్తాను."

"దేనికి బిడ్డా?"

"మీ అబ్బాయి గురించి కనుక్కోవడానికి." ఆమె చెంపలు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఆయన్ని అడిగితే నిజం చెప్పరుగా!"

కృష్ణయ్య వానలో తలెత్తి నవ్వాడు.

"రా బిడ్డా. ఒక్కటి దాయకుంట చెప్త."