అలిపిరి స్వామికి రేడియం చుక్క

బల్లమీద మూడు రివాల్వర్లు. వాటి పక్కనే అరిటాకులో నెయ్యి కారుతున్న పొంగలి.

కుప్పుస్వామి పొంగలి తింటున్న చేత్తోనే మొదటి రివాల్వరు ఎత్తి ధనంజయ ముందుకు తోశాడు. పిడిమీద నెయ్యి అంటుకుంది. మనిషిని చంపే మాట పొంగలి ముద్దల మధ్య మాట్లాడే ఈ ఆఫీసరును చూస్తూ ధనంజయ జేబురుమాలు తీసి పిడి తుడిచాడు.

అది 1942. జపాన్ బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు ఆఫీసులు కొన్ని చిత్తూరు జిల్లాకు పరుగెత్తుకొచ్చిన ఏడాది. స్పెషల్ బ్రాంచి డిప్యూటీ డైరెక్టర్ కుప్పుస్వామి కూడా అట్లా వచ్చినవాడే. వస్తూ వస్తూ ఫైళ్ళు కొన్ని తెచ్చాడు, విస్కీ పెట్టెలు మాత్రం ఒక్కటీ వదలకుండా తెచ్చాడు. చిత్తూరులో అద్దెకు తీసుకున్న ఆ బంగళా కిటికీలన్నిటికీ బ్లాకౌట్ కోసం నల్ల కాగితం అంటించి ఉంది.

"చూసుకోప్పా. నైట్ సైట్స్, చీకట్లో గురి చూసేదానికి" అన్నాడు కుప్పుస్వామి. "దీనికి ముందు దంతపు పూస. దీనికి తెల్ల ఎనామెల్. ఇది మాత్రం లండన్ సరుకు, రేడియం. వెనక రెండు చుక్కలు, ముందు ఒకటి. మూడూ వరసగా నిలబెట్టు, నొక్కు. అంతే."

"టార్గెట్ అలిపిరి స్వామేనా సార్?"

"వాడే. ఫోగెల్."

స్వామి అసలు పేరు అదని కనిపెట్టినవాడు ఆ బ్రాంచి ఏజెంటు ధనంజయే. యుద్ధం మొదలవగానే మద్రాసులో మాయమైన జర్మన్ పండితుడొకడు, గడ్డం పెంచి, కాషాయం కట్టి, కాశ్మీరు బైరాగినని చెప్పుకుంటూ అలిపిరిలో తేలాడు. పేరు శీతలానంద స్వామి. పటాలంలో కొడుకులున్న తల్లులు కొండెక్కేముందు వాడి దగ్గర ఆగేవాళ్ళు. కొడుకు ఏ రెజిమెంటు, ఎప్పుడు ఓడ ఎక్కుతాడు, అన్నీ చెప్పుకుని దీవించమనేవాళ్ళు. వాడు తలమీద చెయ్యిపెట్టి దీవించేవాడు. పొద్దుగూకే వేళ ఆ వివరాలు సముద్రంలో ఉన్న సబ్‌మెరైన్‌కు వైర్‌లెస్‌లో పంపేవాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు పెద్దలు.

"రేపు సాయంత్రం పంకజాక్షి వాడికి బ్యాటరీలు తీసుకుపోతుంది. అలిపిరి రోడ్డులో చింతపండు గోడౌన్. లోపల అమావాస్య చీకటి" అన్నాడు కుప్పుస్వామి.

"ఆమె బయటికి వచ్చినాక నేను పని ముగిస్తాను సార్."

"ఎందుకప్పా బయటికి రావడం?" కుప్పుస్వామి వేళ్ళు నాక్కున్నాడు. "డబుల్ ఏజెంటు. వాడి కూలీ తింటుంది, మన కూలీ తింటుంది. రేపు యుద్ధం అయిపోయినాక నోరు తెరిస్తే మన గతేంది? చీకట్లో ఒక గుండు అటో ఇటో పోతుంది. ఎవురడగతారు?"

ధనంజయకు ఒళ్ళంతా రోత పుట్టింది. నాటకాల్లో సత్యభామ వేషం వేసుకుని నిమ్మళంగా బతుకుతున్న పంకజాక్షిని ఈ ఊబిలోకి దించింది తనే. ప్రాణంతో బయటికి తెస్తానని మాటిచ్చిందీ తనే.

"ఒకసారి టెస్టు చేసుకుంటాను" అని మూడు రివాల్వర్లూ తీసుకుని నీళ్ళగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

దంతపు పూస చీకట్లో కలిసిపోయింది. ఎనామెల్ కూడా అంతే. కాస్త వెన్నెలైనా ఉంటేగానీ ఆ రెండూ పనికిరావు. రేడియం మాత్రం మూడు పచ్చటి చుక్కలై గాలిలో నిలబడింది. మూడింటిదీ ఒకే వెలుగు. వాటిని వరసగా కుదిర్చి, అలాగే పట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. గొట్టం ఎదురుగోడను వదిలేసి పక్కనున్న సబ్బుగూటికి గురిపెట్టి ఉంది. ముందు చుక్క ఏదో, వెనక చుక్క ఏదో కళ్ళు తికమకపడ్డాయన్నమాట. ధనంజయ మేకుతో వెనక చుక్కలు రెండూ గీకి మసకబార్చాడు. ఈసారి ముందు చుక్క ఒక్కటే నిగనిగలాడింది, గురి కుదిరింది.

కానీ చుక్క ముందు ఎవరున్నారో ఆ చుక్క చెప్పదు. శత్రువు నిలబడినా, కన్నతల్లి నిలబడినా దానికి ఒకటే వెలుగు. కుప్పుస్వామికి దానిలో నచ్చింది ఆ గుణమే.

రేడియం రివాల్వరే తీసుకుని ధనంజయ బయటికి వచ్చాడు. మిగతా రెండూ చీకట్లో ఇనప ముక్కలే మరి.

"తెలుసు నాకు. రేడియం వద్దనేవాడు ఉంటాడా!" అని కుప్పుస్వామి మురిసిపోయాడు.

బొగ్గు గ్యాసు బస్సు దగ్గుతూ మూలుగుతూ మరునాటికి ధనంజయను తిరుపతి చేర్చింది. నుదుట నామం, భుజాన కండువా, చేతిలో పసుపుగుడ్డ ముడుపు. చూసినవాళ్ళకు అతను చింతపండు బేరగాడు. ముడుపులో ఉన్నది రివాల్వరు. దేవుడి ముడుపు విప్పి చూపమనే పోలీసు ఆ ఊళ్ళో లేడు.

అలిపిరి పందిట్లో శీతలానందుడు కొలువు తీరి ఉన్నాడు. రోడ్డుమీద ఏ గుంపు "ఏడుకొండలవాడా! వెంకటరమణా!" అని కేక వేసినా "గోవిందా! గోవింద!" అని అందరికంటే ముందు పలికే గొంతు వాడిదే. వాడి కాళ్ళ దగ్గర వడమాలపేట తాయమ్మ కూచుని ఉంది. ఆమె పెద్దకొడుకు ఎక్కిన ఓడ వేసవిలో సముద్రంలో మునిగిపోయింది. ఆ ఓడ సంగతి కూడా ఆమె ఈ పందిట్లోనే చెప్పుకుంది.

"సామీ, నా చిన్నోడు కూడా పటాలంలో చేరినాడు. శుక్రారం మద్రాసులో పడవెక్కతాడంట. వాణ్ణన్నా నాకు మిగల్చమని దేవుడికి చెప్పు సామీ."

"ఏ పడవ తల్లీ?" అని మెల్లగా, ఎంతో దయగా అడిగాడు స్వామి.

ఆమె పడవ పేరు చెప్పింది. స్వామి ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడికక్కడే నరికేయాలన్నంత అసహ్యం వేసింది ధనంజయకు. ఆమె కళ్ళు తుడుచుకుని వాడి పాదాలకు మొక్కడం చూడలేక ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పూలంగడి దగ్గర హార్మోనియం పెట్టెతో పంకజాక్షి ఎదురుపడింది. పట్టుచీర, రవ్వల ముక్కుపుడక. బజారంతా ఆమెను చూస్తోంది, హార్మోనియాన్ని మాత్రం ఎవరూ చూడటం లేదు. దాని పొట్టనిండా బ్యాటరీలు.

"మొక్కు తీరిందా?" అన్నాడు ధనంజయ.

"అసలు తీరింది. వడ్డీ ఉండాది" అంది పంకజాక్షి. కోడ్ కుదిరింది. ఆమె మల్లెలు బేరమాడుతూ గొంతు తగ్గించింది. "నామీద వానికి అనుమానం వచ్చినట్టుండాదప్పా. ఈ మధ్య నేను లోపలికి పోతానే తలుపు బీగమేస్తా ఉండాడు."

"ఇంకొకటుండాది. నిన్ను కూడా కాల్చమన్నారు" అన్నాడు ధనంజయ.

"ఎవురు, ఆ పొంగలాయనా?" నవ్వబోయి, ఇతని ముఖం చూసి ఆగిపోయింది. "నువ్వేమన్న్యావు?"

"ఏమీ అనలేదు. అంటే నా బదులు ఇంకొకణ్ణి పంపుతాడు. విను. దీపం ఆరితే నేలమీద పండుకో. ఏం జరిగినా నోరు తెరవొద్దు. మాట ఇనపడితే అది వానిదే అనుకొని కాలస్తాను."

"వాడు మాట్లాడకపోతే?"

ఆమె మల్లెలు కొనకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ధనంజయ గోడౌన్లో చింతపండు బుట్టల వెనక నక్కి ఉన్నాడు. బేరానికి వచ్చినట్టు వచ్చి, కూలీలు వెళ్ళేటప్పుడు లోపలే ఉండిపోయాడు. కిటికీలకు తారు పూసి ఉంది. బయట ఎండ ఇంకా పోలేదు, లోపల మాత్రం కళ్ళు పొడుచుకున్నా కనపడదు. చింతపండు పులుపు ముక్కుల్లోకి ఎక్కుతోంది.

తాళం తీసిన చప్పుడు. ఇద్దరు లోపలికి వచ్చారు. లోపలినుంచి మళ్ళీ తాళం పడింది. వైర్‌లెస్ సెట్టుమీద చిన్న ఎర్రబల్బు వెలిగింది. ఆ వెలుగులో కాషాయం, పట్టుచీర అంచు లీలగా కనిపించాయి. ఫోగెల్ బ్యాటరీలు తగిలించి గడియారం చూసుకున్నాడు. సబ్‌మెరైన్ వినే వేళైంది. వాడి వేలు మీట మీదికి వెళ్ళింది. ధనంజయ రివాల్వరు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే, పాడు చింతపండు ధూళి, తుమ్ము వచ్చింది.

బల్బు టక్కున ఆరింది. తుపాకీ పేలి ధనంజయ చెవి పక్కనున్న బుట్ట చీలింది. అతను రాతిస్తంభం చాటుకు దొర్లాడు.

ఆ చీకట్లో ముగ్గురు. ముందుగా నోరు విప్పినవాళ్ళు చస్తారని ముగ్గురికీ తెలుసు.

ధనంజయ కంటిముందు రేడియం చుక్క నిగనిగలాడుతోంది. దాని అటూ ఇటూ మసక చుక్కలు రెండు. ఎడమ గోడ దగ్గర ఏదో జరజరా కదిలింది. వాడు పంకజాక్షికోసం వెతుకుతున్నాడా? పంకజాక్షే తలుపు వైపు పాకుతోందా? చుక్క ఆ చప్పుడు మీదికి వెళ్ళి నిలిచింది. గురి బ్రహ్మాండంగా కుదిరింది. వేలు సగం నొక్కింది. కుప్పుస్వామి కోరిన పొరపాటు ఇంకో వెంట్రుకవాసి దూరంలో ఉంది. అది తలుచుకోగానే ధనంజయకు తన వేలంటేనే అసహ్యం పుట్టింది. వేలు వెనక్కి తీశాడు.

స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి నిండా పీల్చి, కొండ కింద నిలబడ్డ యాత్రికుడిలాగా గొంతెత్తాడు.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా!"

"గోవిందా! గో..."

కుడిపక్కనుంచి మగ గొంతు. మూడేళ్ళుగా పగలంతా ఆ కేకకు బదులిచ్చిన నోరు, మెదడు వద్దనేలోపే పలికేసింది. వెంటనే నాలుక కొరుక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ధనంజయ స్తంభం చాటునుంచి తిరిగి చుక్కను ఆ గొంతుమీద పెట్టి నొక్కాడు.

ఫోగెల్ హార్మోనియం మీద పడ్డాడు. అది ఒక్కసారి భోరుమని ఆగిపోయింది.

అగ్గిపుల్ల వెలిగించి చూస్తే పంకజాక్షి ఎడమ గోడవారన బోర్లా పడుకుని ఉంది. ఇందాక చుక్క నిలిచిన చోటే. ధనంజయ అటే చూస్తుండగా పుల్ల వేళ్ళదాకా కాలి ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు. ఆమె నోట్లోంచి చీర కొంగు లాక్కుంటోంది.

"ఏం మనిషివప్పా నువ్వు! పుట్టింది ఈ ఊళ్ళోనే గదా, నాకూ నోటిదాకా వచ్చె. కొంగు కుక్కుకోకుంటే ఇద్దరం ఒకేసారి పలికింటాం!"

ధనంజయకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నగలు మూటగట్టించి, ఆమె చేతికి వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకుని పోయే మనిషిని ఏ రైల్లోనూ ఎవరూ ఏమీ అడగరు, అయ్యో పాపం అని జరిగి చోటిస్తారు. ఆ రాత్రి బండికి ఆమె వెళ్ళిపోయింది. ఎక్కడికని ధనంజయ అడగలేదు.

శుక్రవారం ఓడ ఏ ఇబ్బందీ లేకుండా బయలుదేరింది. శనివారం కుప్పుస్వామి కాఫీ తాగుతూ ధనంజయను పిలిపించాడు. అప్పటికే ఆ సైట్ల గొప్ప గురించి, వాటిని ఎంపిక చేసిన తన గొప్ప గురించి ఢిల్లీకి తంతి కొట్టాడు.

"రేడియం ఎట్లా ఉండెప్పా?"

"చుక్కలు పట్టపగల్లాగా కనపడినాయి సార్."

"భేష్! మరి ఆ పొణ్ణు, పంకజాక్షి? శవం ఒకటే దొరికిందంటున్నారే?"

"ఆమె కనపడలేదు సార్" అన్నాడు ధనంజయ. రివాల్వరు బల్లమీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మీ సైటులో చుక్కలు మాత్రమే కనపడతాయి. మనుషులు కనపడే సైటు లండన్ నుంచి వస్తే కబురు పెట్టండి, మళ్ళీ పోతాను."