లావు తీగల గిటారు

"మూడు విజిల్స్ రాంగనే స్టవ్ బంద్ చెయ్యి" అని భర్తకు చెప్పి, శోభ బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వంటింట్లో పప్పు మాడుతున్న వాసన. ఉపేందర్ స్టవ్ పక్కనే కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

శోభ గబగబా వెళ్లి స్టవ్ కట్టేసింది. "ఎన్ని విజిల్స్ వచ్చినయి?"

"ఇంకా రాలే."

"రాలేదా? నాకు డాబా మీదికి ఇనపడ్డయి."

"ఫోన్ల పడి పట్టించుకోలే తియ్యి."

"నా మాట ఎప్పుడు పట్టించుకున్నవ్ గనుక" అంది శోభ.

వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త అలివేలు అక్కణ్నుంచే అందుకుంది. "డెబ్బై ఏండ్లదాన్ని, నాకు ఇనపడ్డది. లోపల కూసున్నోనికి ఇనపడలే."

ఉపేందర్‌కు సూర్యాపేటలో సౌండ్ బాక్సుల వ్యాపారం. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు కిరాయికిస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ బాక్సుల పక్కనే నిలబడి పని చేశాడు. శోభ అంగన్‌వాడీ టీచర్. ఇద్దరికీ ఒక్కతే కూతురు, వందన. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆ ఆదివారం ఆ అమ్మాయికి బేస్ గిటారు, లావు తీగలతో బరువైన మోతనిచ్చేది, కొనడానికి ముగ్గురూ కోదాడ వెళ్లాలి. కొన్ని వారాలుగా ఇంట్లో గొడవంతా దాని గురించే.

"కీబోర్డు కొనిచ్చినం. మంచిగ వాయిస్తున్నదని స్కూల్ల అందరన్నరు" అంది శోభ, మాడిన గిన్నెలో నీళ్లు పోస్తూ. "ఇప్పుడు దాని మీద గుడ్డ కప్పి గిటారంటది. రేపు ఇంకోటంటది. ఎందుకు మార్చినవే అంటే చెప్పదు."

గుమ్మం దగ్గర నిలబడి జడ అల్లుకుంటున్న వందన తల వంచుకుంది. "నాకు అదే కావాలమ్మా."

"అదే ఎందుకు?"

వందన జడ కొసకు రబ్బరు బిగించుకుంది.

"పిల్ల అడిగింది, కొందాం. ఇంటర్ అయినంక ఎట్లాగూ టైముండదు" అన్నాడు ఉపేందర్ లేస్తూ.

తనకు నచ్చకపోయినా శోభ కూడా బయల్దేరింది. భర్తను ఒక్కణ్నే పంపితే దుకాణంలో అన్నిటికంటే పెద్దది తెస్తాడని ఆమె భయం.

కోదాడలో ప్రభుదాస్ దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. చర్చిలకు, ఆర్కెస్ట్రాలకు వాద్యాలు అమ్ముతాడు. ఉపేందర్ లోపలికి అడుగుపెడుతూనే గోడకు వేలాడుతున్న ఐదు తీగల నల్లటి గిటారు వైపు చెయ్యి చూపించాడు. "అది దించు."

"బరువైందండి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి నాలుగు తీగలదే మేలు" అన్నాడు ప్రభుదాస్.

"ముందు దించయ్యా."

బెల్టు మెడలో వేసుకోగానే వందన ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి చాపితే గిటారు కొస దాకా అందడం కష్టమైంది. ప్రభుదాస్ ఇంకోటి తెచ్చాడు. గోధుమరంగుది, కాస్త పొట్టిది. దాన్ని వేసుకుని వందన నిటారుగా నిలబడింది. వేళ్లు తీగల మీద సులువుగా పరుచుకున్నాయి.

"గిది బొమ్మ లెక్క ఉన్నది" అన్నాడు ఉపేందర్. "దీనికి బాక్స్ ఏది?"

ప్రభుదాస్ చూపించిన ప్రాక్టీస్ యాంప్, ఇంట్లో సాధనకు పెట్టుకునే స్పీకరు, బియ్యం డబ్బా అంత కూడా లేదు. ఉపేందర్ నవ్వాడు. "దీనికి పైసలెందుకు? మనింట్ల గోడలంత బాక్సులున్నయి. వాటికి తగిలిద్దాం."

"వద్దు నాన్నా" అంది వందన. "ఆ బాక్సులకు పెట్టొద్దు."

"ఎందుకు పెట్టొద్దు?"

"వద్దన్న కదా."

ఉపేందర్ ముఖంలో నవ్వు పోయింది. "ఆ బాక్సులు మోసుడుతోనే నీ ఫీజు కట్టిన. ఇప్పుడు అవి నీకు నామోషీ అయినయా?"

"పాండ్రి, ఇంటికి పోదాం" అంటూ శోభ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "తండ్రి మీద గౌరవం లేనిదానికి ఏది కొనిచ్చినా ఆర్నెల్ల ముచ్చటే."

వందన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నామోషీ కాదమ్మా. ఆ బాక్సుల పక్కన నిలబడీ నిలబడీ నాన్నకు చెవులు పోయినయి."

ఉపేందర్ కూతురి వైపు ఒక అడుగు వేశాడు.

"ఎవరన్నరు?" అన్నాడు ఉపేందర్. "ఇప్పుడు నీతోని మాట్లాడ్తలేనా?"

"నా ముఖం సూసుకుంట మాట్లాడుతున్నవ్. జర అటు తిరుగు నాన్నా."

కూతురి పంతం చూసి అతను గోడ వైపు తిరిగాడు. వందన గిటారు పక్కన పెట్టి, మూలనున్న కీబోర్డు దగ్గరికి వెళ్లింది. కుడి చేతి వైపున్న మీటల మీద సన్నని స్వరాలతో చిన్న పాట వాయించింది. పదో తరగతిలో స్కూల్ ఫంక్షన్‌లో వాయించిన పాటే. సన్నగా, తీయగా దుకాణమంతా పరుచుకుంది. శోభ విన్నది. ప్రభుదాస్ విన్నాడు. పాట అయిపోయింది. వందన చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"కొట్టు మరి. ఎంతసేపు నిలబడాలె?" అన్నాడు ఉపేందర్ గోడనే చూస్తూ.

అతను ఇటు తిరిగాడు. భార్య ముఖం చూశాడు, కీబోర్డు ముందు కూర్చున్న కూతురిని చూశాడు. విషయం అర్థమై, అక్కడున్న స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు.

"కొట్టినవా?"

వందన తలూపింది. "ఫంక్షన్ల ముందు వరుసల కూసున్నవ్. నేను ఆపినంక కూడా నువ్వు తలూపుతనే ఉన్నవ్ నాన్నా. అప్పుడే తెలిసింది నాకు. మళ్లా క్రిస్మస్‌కు నువ్వు చర్చిల బాక్సులు పెట్టినప్పుడు నేను వచ్చిన కదా. ఆడ వాయించే అన్న, తన బేస్ గిటారు ఒకసారి నా చేతికిచ్చిండు. నువ్వు అటు తిరిగి వైర్లు చుట్టుకుంటున్నవ్. నేను ఒక్క తీగ మీటిన. టక్కున ఎనక్కి తిరిగినవ్. మంచిగున్నదే, ఎవరు కొట్టింది, అన్నవ్."

ఆమె పక్కన పెట్టిన గిటారు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అందుకే ఇది కావాలన్న. నేను వాయించేది నీకు ఇనపడాలె."

శోభ చేతిసంచీ జారి కింద పడింది. ఎన్నేళ్లుగా తాను పిలిస్తే పలకలేదని, చెప్పింది చెయ్యలేదని ఈ మనిషితో పోట్లాడింది. తనంటే లెక్కలేదనుకుని గోడ వైపు తిరిగి ఏడ్చిన రోజులున్నాయి. ఆ పిలుపులు అతనికి చేరనే లేదు. ఒకే ఇంట్లో ఉంటూ తనకు తట్టనిది పిల్లకు తెలిసింది. అది ఎవరికీ చెప్పకుండా, తండ్రి పరువు తీయకుండా, ఇష్టపడి నేర్చుకున్న కీబోర్డు వదిలేసుకుంది.

"నాకు ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగింది భర్త ముందు వంగి, అతనికి తన పెదవులు కనిపించేలా.

"నాకే తెల్వదు శోభా" అన్నాడతను. చెవి తడుముకుంటూ, "తెలుసు. పనిల ఉన్నోనికి చెవులు పోయినయంటే ఎవరు పిలుస్తరని..." అని ఆగిపోయాడు.

శోభ కన్నీళ్లు కొంగుతో తుడుచుకుని లేచింది. "అన్నా, ఆ పొట్టి గిటారు ఆ డబ్బాకు పెట్టియ్యి. మా ఆయన ఇంటడు."

ప్రభుదాస్ వైరు తగిలించాడు. వందన లావు తీగ మీటింది. ఉపేందర్ తలెత్తాడు. ఆమె ఇంకోటి మీటింది, ఇంకోటి. అతను వెళ్లి యాంప్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మళ్లా కొట్టు బిడ్డా. ఆ రెండోది."

కొట్టింది.

"ఇనపడ్తున్నదే" అన్నాడు. "మంచిగ ఇనపడ్తున్నది."

తర్వాత అరగంట పండగే అయింది. పెద్ద యాంప్ కూడా పెట్టించి విన్నారు. ఇంట్లో హాలుకు చిన్నదే సరిపోతుందని ఉపేందరే అన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉండటం శోభకు నచ్చింది, అత్తమ్మ పడుకున్నప్పుడు పనికొస్తుందని. మామూలు గిటారు యాంప్ చవగ్గా ఉంది కదా అని ఆమె అడిగితే, లావు తీగల దెబ్బకు దాని స్పీకరు చిరిగిపోతుందండి అన్నాడు ప్రభుదాస్. ఆఖరికి గోధుమరంగు పొట్టి గిటారు, బియ్యం డబ్బా అంత కూడా లేని యాంప్ ఉపేందర్ బాక్సులు మోసే ట్రాలీ ఆటో ఎక్కాయి. వందన దారంతా వాటిని ఒళ్లో పెట్టుకునే వచ్చింది.

ఆ వారమే శోభ భర్తను సూర్యాపేటలో చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. సన్నని శబ్దాలు పోయాయి, అవి తిరిగి రావు, మిగిలినవి కాపాడుకోవాలి అన్నాడు డాక్టరు. చెవి మిషన్ పెట్టుకోవడానికి ఉపేందర్ మొదట నామోషీ పడ్డాడు.

"కండ్లద్దాలు పెట్టుకుంటలేరా జనం?" అని అలివేలు కసిరింది. "పెట్టుకోర. ఇంట్ల అందరం మొత్తుకోలేక సస్తున్నం."

పెట్టుకున్నాడు. పని చేసేటప్పుడు మిషన్ తీసి, మోత ఆపే బిరడాలు చెవుల్లో పెట్టుకోవడం, బాక్సుల సౌండు తగ్గించడం మొదలుపెట్టాడు. ఇంకా పెంచమని అడిగినవాళ్లు కొందరు వేరేవాళ్లను చూసుకున్నారు. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు, ముసలివాళ్లున్న ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ అతని దగ్గరికే వచ్చారు. సాయంత్రం చదువయ్యాక వందన హాల్లో సాధన చేస్తుంటే అతను గోడకానుకుని కింద కూర్చునేవాడు. శోభ పిలిస్తే పలికేవాడు. పలికిన ప్రతిసారీ ఆమెకు కొత్తగానే ఉండేది.

ఏడాది తిరిగాక మిర్యాలగూడలో కాలేజీల మధ్య పాటల పోటీ జరిగింది. వందన, ఆమె క్లాసు అమ్మాయిలు ముగ్గురు కలిసి పేరిచ్చారు. ఇంట్లో అందరూ కదిలారు. అలివేలు కూడా కొత్త చీర కట్టుకుని వచ్చింది.

ముందు వాయించిన జట్లన్నీ అబ్బాయిలవే. నలుగురు ఆడపిల్లలు వేదికెక్కగానే వెనక వరుసల్లోంచి ఈలలు, నవ్వులు వినిపించాయి. వందన అటు చూడలేదు. గిటారు సర్దుకుని మొదటి తీగ మీటింది. ఆ మోత కుర్చీల కింద నుంచి పాకినట్టుగా హాలంతా వ్యాపించింది. దాని మీద డ్రమ్ము నడిచింది, ఆ రెంటి మీద పాట ఎత్తుకుంది. వెనక నవ్వినవాళ్లే చప్పట్లతో తాళం వెయ్యడం మొదలుపెట్టారు. చరణం మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి వందన ఒక్కతే వాయించింది. తడబడలేదు. వేళ్లు పరిగెత్తాయి, పెదవుల మీద చిన్న నవ్వు నిలిచింది. మళ్లీ అందరూ కలిసి, ఆఖరి చరణం వందనే పాడేసరికి హాలు లేచి నిలబడింది.

మొదటి బహుమతి సూర్యాపేట అమ్మాయిలకని ప్రకటించగానే శోభ కుర్చీ మీదికెక్కి చప్పట్లు కొట్టింది. "మా బిడ్డనే, ఆ గిటారు అమ్మాయి మా బిడ్డనే" అని పక్కవాళ్లకు, వాళ్ల పక్కవాళ్లకు చెప్పింది. జనం మరోసారి వాయించమని అరుస్తున్నారు.

ఉపేందర్ మాత్రం లేవలేదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అలివేలు అతని భుజం తట్టింది. "ఏంర, పిల్ల గెలిస్తే ఏడుస్తవేంది?"

"అది పాడింది కూడ ఇనపడ్డదే అమ్మా" అన్నాడు ఉపేందర్. "మోత ఒక్కటే కాదు. ఆఖర్ల నా బిడ్డ పాడింది, ఈ మిషన్‌తోని ఆ మాటలు కూడ ఇనపడ్డయి."

వేదిక మీద వందన రెండో పాటకు గిటారు భుజానికెత్తుకుంది. ఉపేందర్ ముఖం తుడుచుకుని, తల్లిని ఒక చేత్తో, భార్యను ఇంకో చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.